2.67తో లా స్కూల్‌కి అప్లై చేశాను

అంకె ముందే చెప్పేస్తాను. ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది చివరిదాకా ఊరించి, ఆఖర్న "నాదీ తక్కువే" అంటూ 3.5 బయటపెడతారు, చదివినవాళ్లకి ఒళ్లు మండుతుంది. నా డిగ్రీ మార్కుల సగటు, అంటే జీపీఏ, 2.67, నాలుగుకి. అమెరికాలో లా స్కూల్‌కి వెళ్తానన్న మనిషికి ఇది ఎలాంటి అంకె అంటే, నేను చదివిన కాలేజీలో లాకి వెళ్లేవాళ్లకి సలహాలిచ్చే ప్రీ-లా అడ్వైజర్ దాన్ని చూసి కాసేపు మాట్లాడకుండా కూర్చుని, వేరే దారులేమైనా చూశావా అని మెల్లగా అడిగింది.

మేం 2011లో ఖమ్మం నుంచి టెక్సస్ వచ్చాం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా మేనమామ ఎప్పుడో వేసిన పిటిషన్‌కి పదకొండేళ్ల తర్వాత పిలుపు వస్తే గ్రీన్ కార్డులతో దిగాం, అంటే సాఫ్ట్‌వేర్ వీసా కుటుంబం కాదు మాది. ఖమ్మంలో ప్రైవేట్ కాలేజీ లెక్చరర్‌గా చేసిన నాన్న, ఇర్వింగ్‌లో గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక రాత్రి షిఫ్టులో నిలబడ్డారు. నేను డిగ్రీలో చేరిన ఏడాది ఆ షాపునే ఇంకొకాయనతో కలిసి లీజుకి తీసుకున్నారు, అప్పట్నుంచి నాకు శని, ఆదివారాలు అంటే షాపే. బయాలజీలో చేరాను. ఎందుకు చేరావంటే నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "డాక్టర్ అవుతుందట" అంటుంటే అదే నిజమనుకున్నాను.

రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చింది, అంటే ఫెయిల్. అదే సెమిస్టర్‌లో నాన్న పార్ట్‌నర్ డబ్బులు లెక్క తేల్చకుండా వెళ్లిపోయాడు, రాత్రి షిఫ్టుకి మనిషి లేడు, వారంలో నాలుగు రాత్రులు నేను నిలబడ్డాను. ఆ సెమిస్టర్‌లో ఇంకో ఎఫ్, ఒక డి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత కథంతా దీని మీదే నడిచింది: ఆ ఒక్క సెమిస్టర్‌కి కారణం ఉంది. మిగతా ఏళ్లలో వచ్చిన సీ గ్రేడ్లకి కారణం ఏమీ లేదు. ఆ చదువు నాకు పట్టలేదు, పట్టడం లేదని చెప్పే ధైర్యం లేదు.

2019లో 2.91తో డిగ్రీ చేతికొచ్చింది. 2.91 అని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తెలియక, ఇమిగ్రేషన్ కేసులు చూసే ఒక చిన్న లా ఆఫీసులో తెలుగు మాట్లాడే మనిషి కావాలంటే చేరాను. ఫోన్లు తీయడం, ఫారాలు నింపడం, తెలుగు కాగితాల్ని ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ఇది తాత్కాలికం అనుకున్నాను కానీ, ఆర్నెల్లు తిరిగేసరికి పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలని ఉండేది, నాలుగేళ్ల కాలేజీలో ఒక్కరోజు కూడా అలా అనిపించలేదు. ఇంటిపేరు ముందు రాయడం వల్ల ఒక మనిషి కాగితాల్లో ముగ్గురు మనుషులైపోవడం, పుట్టిన తేదీ రిజిస్టర్ కాని పెద్దవాళ్లకి పంచాయతీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తెప్పించడం, దానికి తోడు ఆ పుట్టుక తెలిసిన బంధువులతో అఫిడవిట్లు రాయించడం, ఇదంతా నాకు పజిల్‌లా ఉండేది. రెండు మూడేళ్లకి మా అటార్నీయే అడిగింది, నువ్వు లా స్కూల్‌కి ఎందుకు వెళ్లవు అని. జీపీఏ చెప్పాను. ఆవిడ నవ్వి, ముందు ఎల్‌శాట్, అదే లా స్కూల్ ఎంట్రన్స్, రాయి, ఆ మాట తర్వాత చూద్దాం అంది.

ఇక 2.91 సంగతి. లా స్కూళ్లకి మనం నేరుగా ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల జాబితా, పంపించం. ఎల్‌శాక్ అనే సంస్థ ఉంటుంది, ఎల్‌శాట్ పరీక్ష పెట్టేదీ వాళ్లే. డిగ్రీ అయ్యేలోపు మనం చదివిన ప్రతి కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ వాళ్లకి వెళ్తుంది, వాళ్లు తమ పద్ధతిలో మళ్లీ లెక్కేసి స్కూళ్లకి పంపుతారు. మా యూనివర్సిటీలో రీటేక్ చేస్తే పాత గ్రేడ్‌ని జీపీఏలోంచి తీసేస్తారు. ఎల్‌శాక్ తీయదు. ట్రాన్‌స్క్రిప్ట్ మీద క్రెడిట్లు, గ్రేడ్ కనిపిస్తున్నంతవరకు ఆ ఎఫ్ కూడా లెక్కలోకే వస్తుంది, తర్వాత తెచ్చుకున్న సీ కూడా వస్తుంది. పైగా హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ అని రెండు క్లాసులు చేశాను, రెండింట్లో సీలు, అవి నేను మర్చిపోయినా వాళ్లు మర్చిపోలేదు. అలా 2.91 కాస్తా 2.67 అయింది. ఆ రిపోర్ట్ తెరిచిన రోజు ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని క్యాలిక్యులేటర్ పెట్టి మూడుసార్లు లెక్కేశాను. వాళ్ల లెక్కే కరెక్టు.

ఇంకో ముక్క. మొదటి డిగ్రీ చేతికొచ్చిన రోజుతో ఆ అంకె గడ్డకట్టేస్తుంది. తర్వాత మాస్టర్స్ చేసి నాలుగుకి నాలుగు తెచ్చుకున్నా ఆ మార్కులు చూస్తారు కానీ ఈ అంకెలో కలవవు. నాకు ఎంతమంది చెప్పారో, ఎమ్మెస్ చేసి జీపీఏ పెంచుకో అని. పెరగదు. ఇండియాలో డిగ్రీ చేసి వచ్చినవాళ్ల సంగతి మళ్లీ వేరు. వాళ్లకి ఎల్‌శాక్ అంకె వేయదు, మార్కులు చూసి సుపీరియర్, అబౌవ్ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అని ఒక మాట రాస్తుంది. కాబట్టి బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని భయపడే అన్నయ్యలూ అక్కయ్యలూ, మీ బాధ నా బాధ ఒకటి కాదు.

హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు అదే టైమ్‌లో లాసెట్ రాస్తున్నాడు. వాడికి నా ఏడుపు అర్థం కాలేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి జనరల్ కేటగిరీలో డిగ్రీ మార్కులు 45 శాతం ఉంటే చాలు, గేటు దాటాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు, మిగతాదంతా ర్యాంకే అన్నాడు. ఇక్కడ గేటు అంటూ ఉండదు, తూకం ఉంటుంది. ప్రతి లా స్కూలూ చేరినవాళ్ల జీపీఏ, ఎల్‌శాట్ మీడియన్లు ఏటా డిసెంబర్‌లో బయటపెట్టాలి, 509 రిపోర్ట్ అంటారు దాన్ని, ర్యాంకింగుల్లో కూడా ఆ మీడియన్లు లెక్కకొస్తాయి. అందుకని ప్రతి సీటు ఇచ్చేటప్పుడూ ఈ మనిషి వల్ల మన మీడియన్ పెరుగుతుందా, తగ్గుతుందా అని చూసుకుంటారు. జీపీఏ తక్కువై ఎల్‌శాట్ ఎక్కువ ఉన్నవాళ్లని స్ప్లిట్టర్ అంటారు: ఒక పళ్లెంలో బరువు, ఒక పళ్లెంలో ఖాళీ. ఇందులో నాకు ఊరటనిచ్చిన విషయం ఒకటుంది. మీడియన్ అంటే మధ్యలో ఉన్నవాడి అంకె. దాని కిందకి ఒకసారి పోయాక 3.3 అయినా 2.67 అయినా మీడియన్‌కి జరిగే నష్టం ఒకటే. అలాగని 2.67ని చూసి ఎవరూ మురిసిపోరు, అది వేరే విషయం.

2023 జూన్‌లో మొదటిసారి ఎల్‌శాట్ రాశాను, ఇంట్లోనే, కంప్యూటర్ మీద. గదిలోకి ఎవరూ రాకూడదు, కెమెరాతో గోడలన్నీ చూపించాలి. అమ్మకి నాలుగు రోజుల ముందు నుంచి చెప్పాను, ఆ పూట శబ్దం చేయొద్దని. అమ్మ నిజంగానే మాట్లాడలేదు, టీవీ పెట్టలేదు, పిల్లిలా నడిచింది. కానీ పప్పు కుక్కర్ పెట్టింది. సరిగ్గా రీడింగ్ కాంప్రహెన్షన్ మధ్యలో నాలుగు విజిల్స్. 153 వచ్చింది. పాపం కుక్కర్ వల్ల కాదు, నేను ప్రిపేర్ అయిందే అంత. 2024 జనవరిలో ఈసారి సెంటర్‌కి వెళ్లి రాశాను, 157. స్కోరు 120 నుంచి 180 మధ్య ఉంటుంది, నా జీపీఏని మోయాలంటే 157 సరిపోదని నాకు తెలుసు. తెలిసి కూడా ఫిబ్రవరి ఆఖర్న ఎనిమిది స్కూళ్లకి అప్లై చేశాను. ఈ ఏడాది పోతే ముసలిదాన్నైపోతానన్నట్టు ఒక తొందర.

ఇక్కడ సీట్లు వచ్చినవి వచ్చినట్టు ఇచ్చుకుంటూ పోతారు. సెప్టెంబర్‌లో కిటికీ తెరుస్తారు, ఫిబ్రవరికి బస్సు సగానికి పైగా నిండిపోతుంది, అప్పుడు నేను బలహీనమైన అంకెలు రెండూ చేతిలో పట్టుకుని ఫుట్‌బోర్డు మీద వేలాడాను. ఆరు రిజెక్షన్లు, రెండు వెయిట్‌లిస్టులు. ఆ రెండూ ఆగస్టు దాకా ఊరించి పోయాయి.

ఆ ఏడాది నేను పంపినవాటిలో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేసేది జీపీఏ అడెండమ్. మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పుకోవడానికి వేరుగా ఒక చిన్న కాగితం పెట్టొచ్చు. నేను మూడు పేజీలు రాశాను. ఖమ్మం, విమానం, నాన్న రాత్రి షిఫ్టు, ఇంగ్లీషు క్లాసులో పిల్లలు నవ్వడం, పార్ట్‌నర్ మోసం, అమ్మ మోకాళ్ల నొప్పులు, అన్నీ. రాసేటప్పుడు నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి, అదే బాగుందనడానికి గుర్తనుకున్నాను. అటార్నీకి చూపించకుండా పంపేశాను.

రెండోసారి అప్లై చేసే ముందు చూపించాను. ఆవిడ మొదటి పేజీ చదివి పక్కన పెట్టి, మన దగ్గరకి వచ్చే క్లయింట్ ఇలా రాసుకొస్తే నువ్వు ఏం చేస్తావ్ అని అడిగింది. సగం కొట్టేస్తాను అన్నాను. ఇమిగ్రేషన్ ఆఫీసరుకి కావాల్సింది మూడే అని నేనే క్లయింట్లకి రోజూ చెప్తాను: ఏం జరిగింది, ఎప్పుడు ఆగిపోయింది, దానికి కాగితం ఏది. అదే మూడు ముక్కలతో కొత్త అడెండమ్ రాశాను, ఏడు లైన్లు. ఫలానా సెమిస్టర్‌లో ఇంటి వ్యాపారం కోసం వారానికి ముప్పై గంటలకి పైగా పని చేశాను, మూడు సబ్జెక్టులు దెబ్బతిన్నాయి, తర్వాత మూడూ మళ్లీ చదివి పాసయ్యాను. మిగతా మార్కులు నాకు సరిపడని కోర్సు ఎంచుకున్నందుకు వచ్చినవి, వాటికి వేరే కారణం చెప్పను. ఆ తర్వాత ఐదేళ్లుగా పూర్తి సమయం లా ఆఫీసులో పని చేస్తున్నాను, ఉత్తరం జతపరిచాను. అంతే. "వేరే కారణం చెప్పను" అన్న వాక్యం తీసేద్దామని రెండు రోజులు గింజుకున్నాను. ఆవిడే ఉంచమంది.

పర్సనల్ స్టేట్‌మెంట్‌లో మాత్రం జీపీఏ ఊసే ఎత్తలేదు. మా ఆఫీసుకి వచ్చిన ఒక పెద్దావిడ గురించి రాశాను, పేరూ ఊరూ ఆనవాలు దొరక్కుండా. పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం 1958. ఆవిడ అన్నగారిని అఫిడవిట్ కోసం ఫోన్లో అడిగితే, కృష్ణా పుష్కరాల ఏడు పుట్టింది, అమ్మ బాలెంతరాలు కాబట్టి స్నానానికి పోలేదు, నాకు బాగా గుర్తు అన్నారాయన. పుష్కరాలు 2016లో వచ్చాయి, పన్నెండేసి చొప్పున వెనక్కి పోతే 1956 వస్తుంది. రెండేళ్లు తేడా. ఆయన చెప్పేది అబద్ధం కాదు, పాస్‌పోర్టూ దొంగది కాదు, ఎవరో గుమాస్తా అంచనాగా వేసిన తేదీ అది. ఒక నది పండగని పుట్టిన తేదీకి సాక్ష్యంగా అమెరికా ఆఫీసరుకి ఎలా వివరించాలి, తేడాని దాచకుండా కేసు పాడవకుండా ఎలా చెప్పాలి, ఆ అఫిడవిట్ ముసాయిదా నేనే మూడుసార్లు రాశాను, అటార్నీ దిద్దింది. లా ఎందుకు అన్న ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే, అదే రాశాను.

ఇక ఎల్‌శాట్. 2024 ఆగస్టు నుంచి పరీక్షలో లాజిక్ గేమ్స్ తీసేశారు. చూపు లేని అభ్యర్థులు వేసిన కేసు 2019లో రాజీ అయినప్పుడు ఆ సెక్షన్ మారుస్తామని ఒప్పుకున్నారు, అది అప్పటికి అమల్లోకి వచ్చింది. లాజిక్ గేమ్స్ అంటే, ఏడుగురు వరుసగా కూర్చున్నారు, ఫలానావాడు చివర్న లేడు అంటూ మన బ్యాంకు పరీక్షల్లో వస్తాయే, అలాంటివే. బ్యాంకు కోచింగ్ తీసుకున్న మన పిల్లలు వాటిని కళ్లు మూసుకుని చేస్తారు, నాకు మాత్రం అదే గండం. దాని బదులు లాజికల్ రీజనింగ్ ఒకటి అదనంగా వచ్చింది. నా స్కోరు పెరగడంలో నా కష్టమెంత, ఈ అదృష్టమెంత అని విడదీసి చెప్పలేను.

కష్టం కూడా పడ్డాను లెండి. మార్చి నుంచి పొద్దున్నే ఐదున్నరకి లేచి ఆఫీసుకి వెళ్లేలోపు గంటన్నర. కొత్త ప్రశ్నలు తక్కువ, తప్పు చేసినవి ఎక్కువ. ఒక నోటుబుక్కులో ప్రతి తప్పుకీ ఆ ఆప్షన్ నన్ను ఎందుకు లాగిందో తెలుగులో రాసుకునేదాన్ని. ఇంగ్లీషులో రాస్తే పుస్తకంలో ఉన్న వివరణనే కాపీ కొడతాను, తెలుగులో అయితే నిజంగా అర్థమైతే తప్ప వాక్యం రాదు. "వాన పడితే మా వీధిలో కరెంటు పోతుంది. కరెంటు పోయింది. కాబట్టి వాన పడింది." ఇది తప్పని ఖమ్మంలో పెరిగిన ఎవరికైనా తెలుసు, వాన లేకుండా కూడా బ్రహ్మాండంగా పోతుంది. అదే తప్పుని చేపల జనాభా మీద నాలుగు పొడుగాటి ఇంగ్లీషు వాక్యాల్లో చుట్టి ఇస్తే మాత్రం పడిపోయేదాన్ని. సెప్టెంబర్‌లో రాశాను. 166.

అక్టోబర్ మధ్యలో పన్నెండు స్కూళ్లకి పంపేశాను. ఖర్చు గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి 2024లో నాకైంది చెప్తున్నా: ఎల్‌శాట్‌కి 238 డాలర్లు, ట్రాన్‌స్క్రిప్టుల సర్వీసుకి ఇంకో రెండు వందల పైన, ఆ పైన ఒక్కో స్కూల్‌కి రిపోర్ట్ పంపడానికి 45, స్కూలు వాళ్ల ఫీజు వేరే. ఎల్‌శాట్ స్కోరు బాగుంటే కొన్ని స్కూళ్లు వాటంతటవే ఫీజు మాఫీ చేస్తామని మెయిల్ పెడతాయి, రాకపోతే మనమే అడగొచ్చు. నేను ఐదింటిని అడిగాను, మూడు సరేనన్నాయి. రికమండేషన్ ఉత్తరాలు ఒకటి మా అటార్నీది, ఇంకోటి హిస్టరీ ప్రొఫెసర్‌ది, నాకు ఏ గ్రేడ్ వచ్చిన కొద్ది క్లాసుల్లో ఒకటి ఆయనది. ఐదేళ్ల తర్వాత గుర్తుంటానా అని జంకుతూ మెయిల్ పెడితే, చివరి బెంచీలో కూర్చుని నిద్రమొహంతో మంచి ప్రశ్నలు అడిగేదానివి కదా అని జవాబిచ్చారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చేదాన్నని అప్పుడు చెప్పాను.

ఆ ఏడాది దేశమంతా దరఖాస్తులు బాగా పెరిగాయి, అంటే నా టైమింగ్ మళ్లీ బాగాలేదు. డిసెంబర్ దాకా మెయిల్ చూసుకోవడమే పని. ఐదు రిజెక్షన్లు, నాలుగు వెయిట్‌లిస్టులు, మూడు సీట్లు. మొదటి సీటు మెయిల్ వచ్చినప్పుడు నేను షాపు కౌంటర్‌లోనే ఉన్నాను, ఎవరో లాటరీ టికెట్ అడుగుతున్నారు, ఇచ్చి పంపించి వెనక్కి కూలర్ దగ్గరకెళ్లి చదువుకున్నాను.

మూడింట్లో ఒకటి సగం ఫీజుకి పైగా స్కాలర్‌షిప్ ఇస్తానంది. ఇంట్లో అందరూ అదే ఖాయం అనుకున్నారు. కింద చిన్న అక్షరాల్లో షరతు ఉంది: మొదటి ఏడాది 3.0 తగ్గితే స్కాలర్‌షిప్ పోతుంది. లా స్కూల్లో మార్కులు కర్వ్ మీద వేస్తారు, క్లాసులో ఇంతమందికే ఏ, ఇంతమందికి బీ అని. అందరూ బాగా రాసినా కొందరు కిందకి పోవాల్సిందే. ఇలాంటి షరతు పెట్టే స్కూళ్లు ఏటా ఎంతమందికి ఇచ్చాం, ఎంతమంది పోగొట్టుకున్నారు అని కూడా ప్రకటించాలి. ఆ పట్టిక తీసి చూస్తే పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం లేరు. 2.67తో వచ్చినదాన్ని 3.0 మీద పందెం కాయమంటున్నారు. ఇంకో స్కూలు మూడో వంతే ఇచ్చింది, షరతు లేదు. వాళ్లకి ఈ ఆఫర్ చూపించి పెంచమని మర్యాదగా అడిగితే ఇంకాస్త పెంచారు. అక్కడే డిపాజిట్ కట్టాను.

నాన్నకి ఇదంతా లెక్చరర్ బుర్రతో వినడం అలవాటు. లా అన్నప్పుడు మొదట్లో, మన దగ్గర ఏ ఉద్యోగం దొరకనోళ్లే కదా బిడ్డా ఎల్‌ఎల్‌బీ చదివేది అన్నారు. ఫీజు సంగతి చెప్పినప్పుడు గమ్మున ఉన్నారు. డిపాజిట్ కట్టిన రోజు రాత్రి షాపు మూసే ముందు సిగరెట్ల స్టాకు లెక్కపెడుతూ, తల ఎత్తకుండా అడిగారు.

"ఈ లా కాలేజీల కూడా ఎఫ్ వస్తే తీసేయరా? మళ్లా రాసినా లెక్కల ఉంటదా?"

"ఉంటుంది నాన్నా."

లెక్క ఆపి, గోడ మీది షిఫ్టుల కాగితం తీశారు. ఆగస్టు నుంచి శనివారం గళ్లలో నా పేరు కొట్టేసి, అమ్మ పేరు రాయబోయి, ఆగి, తన పేరే రాసుకున్నారు. ఆదివారం గళ్లు చూసి కాసేపు ఆలోచించారు.

"ఆదివారం పొద్దటి పూట మాత్రం రా. పదకొండు దాకా."

ఇప్పుడు మొదటి సెమిస్టర్ పరీక్షలు అయ్యాయి, గ్రేడ్లు ఇంకా రాలేదు. ఆదివారాలు పదకొండు దాకా అని వెళ్లి ఒంటిగంట దాకా ఉంటున్నాను, టోర్ట్స్ పుస్తకం కౌంటర్ కింద పెట్టుకుని.